వేట చీటీలో తండ్రి పేరు

గల్ఫుకు కొత్తగా వెళ్ళిన మా వైపు పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి దరఖాస్తులను తిడుతుంటారు. ఫోన్ కనెక్షనుకు కూడా తల్లి పేరు, తాత పేరు అడుగుతున్నారు పెద్దనాయినా, ఇదేం లెక్క అంటారు. నేను వింటాను. గల్ఫులో నా బతుకుతెరువంతా దరఖాస్తులు నింపడమే కాబట్టి ఆ తిట్లు నాకు కొత్తవి కావు. వాళ్ళకు ఇన్నాళ్ళూ చెప్పని సంగతి ఒకటుంది. నేను నింపిన అన్ని ఫారాల్లో ఒక్కటి మాత్రం కుళ్ళుతో నింపాను. ఎవరి మీది కుళ్ళో, అది ఎంతదూరం వెళ్ళిందో ఇప్పుడు రాస్తున్నాను. పేర్లు రాయను, నాది కూడా.

రువైస్‌లో చమురు శుద్ధి కర్మాగారం లేస్తున్న రోజులవి. ఎనభైల మొదలు. ఇసుకలో రేకుల గదులు వరసగా పెట్టి దాన్ని క్యాంపు అనేవాళ్ళం. అబుదాబి వెళ్ళి రావాలంటే రోజు గడిచిపోయేది. నేను కరీంనగర్ జిల్లా నుంచి పదో తరగతి, టైపు లోయర్ పాసై వచ్చినవాణ్ణి. క్యాంపు ఆఫీసులో టైపిస్టును. మా పైన ముదీర్ ఉండేవాడు, ఆ దేశపు మనిషే. మేనేజరును అక్కడ ముదీర్ అంటారు. బొంబాయి చాలాసార్లు వచ్చిపోయినవాడు కాబట్టి హిందీ బాగానే మాట్లాడేవాడు. ఆరేడేళ్ళు ఆయన ఉత్తరాలన్నీ నేనే కొట్టాను. ఆయనకు నేను కుడిభుజాన్నని నా లెక్క. ఆయన లెక్క వేరేగా ఉన్నట్టుంది, అన్నేళ్ళలో ఒక్కసారీ నన్ను పేరు పెట్టి పిలవలేదు. 'యా కాతిబ్' అనేవాడు. కాతిబ్ అంటే రాతగాడు.

ముదీర్‌కు ఒక డేగ ఉండేది. ఆయన ప్రాణమంతా అందులోనే. దాని తల మీద కళ్ళు కప్పే తోలు టోపీ ఒకటి, దాన్ని వాళ్ళు బుర్ఖా అంటారు. ఆ బుర్ఖా వేసుకుని అది నా టైపు మిషను పక్కనే ఒక కొయ్య మీద కూర్చునేది. నా కార్బన్ పేపర్ల మీద రెట్ట వేసేది. తుడిచేవాణ్ణి నేను. చలికాలం శుక్రవారాల్లో ముదీర్ దాన్ని తీసుకుని, స్నేహితులతో జీపుల్లో ఎడారిలోకి వెళ్ళి, హుబారా అనే పెద్ద పిట్టలను వేటాడేవాడు. నన్ను కూడా ఒకసారి రమ్మంటాడని మొదటి రెండేళ్ళు ఎదురు చూశాను. మూడో ఏడు ఇక ఎదురు చూడటం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం.

అప్పుడు వచ్చాడు గోదావరి జిల్లా మనిషి. పరంజా కట్టే పని. ఇనుప గొట్టాలు భుజాన వేసుకుని ట్యాంకుల మీదికి నిచ్చెన కూడా లేకుండా పాకేవాడు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషులో సంతకం మాత్రం వచ్చు. ఊళ్ళో ఒక రైతు దగ్గర పందెం పుంజులను సాకేవాడట. ఆ రైతు పోయాడు, పుంజులు పోయాయి, పొలమా లేదు, అందుకని దుబాయ్ వచ్చేశాడు. మన వాళ్ళకు అబుదాబి అయినా రువైస్ అయినా అంతా దుబాయే కదా.

ఒకరోజు చేతి తొడుగులు తీసుకోవడానికి మా ఆఫీసుకు వచ్చి డేగను చూశాడు. దాని కాలి కింద వాపు. అంతకు ముందు వారం నుంచి ముదీర్ తిండి సరిగా తినడం లేదు, అబుదాబి నుంచి తెచ్చిన మందు పని చేయలేదు. ఇతను వంగి చూసి, ఇది మా పుంజులకీ వస్తుందండి, కొయ్య గట్టిగా ఉంటే వస్తుందండి అన్నాడు. ముదీర్‌కు హిందీలో చెప్పింది నేనే, ఆ పాపం నాదే. కొయ్యకు మెత్తటి గుడ్డ చుట్టాడు. గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో కాలు ముంచాడు, మెస్సు నుంచి పసుపు తెచ్చి ఆముదంలో కలిపి రాశాడు. పూటపూటా వచ్చి చూసుకునేవాడు. రెండు వారాలు తిరిగేసరికి వాపు తీసింది.

ఆ శుక్రవారం నుంచి అతను జీపులో ముందు సీటు. ముదీర్ అతన్ని పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు అరబ్బు నోటికి తిరగక మూడు ముక్కలైంది, అయినా పిలిచాడు. తన కాఫీ కప్పులోనే కాఫీ పోసి ఇచ్చాడు. నా టేబులు ముందే ఇచ్చాడు. నా చదువేమిటి, నా టైపు వేగమేమిటి, కోళ్ళు కాసుకునేవాడు వచ్చి నా చోట్లో కూర్చోవడమేమిటి అనుకుంటూ రాత్రీ పగలూ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. అతనికి ఇదేమీ తెలియదు. వేట నుంచి వచ్చినప్పుడల్లా తన వాటా మాంసంలో సగం గిన్నెలో పెట్టి నా గదికి తెచ్చేవాడు. మాస్టారూ, చల్లారిపోతే బాగోదండి, తినేయండి అనేవాడు. తిట్టుకుంటూ తినేవాణ్ణి. రుచిగానే ఉండేది.

మరుసటి చలికాలం ముందు వేట మీద కట్టుబాట్లు బిగిశాయి. డేగ యజమానే కాదు, వెంట వెళ్ళి డేగను మోసే మనిషి కూడా అనుమతి చీటీ కొనాలన్నారు. ముదీర్ అబుదాబి నుంచి రెండు ఫారాలు తెచ్చి నా మీద పడేశాడు. తన ఫారం నింపుతున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు. మా తాత ఈ ఇసుకలో వేటాడేనాటికి ఈ దఫ్తరూ లేదు, ఈ కుర్చీలూ లేవు, ఇప్పుడు వీళ్ళు మా తాత పేరు నన్నడుగుతారా అన్నాడు. సంతకం కొట్టి, రెండో ఫారం చూపించి, వాడిది నువ్వు నింపు, తొందరగా, సీజను దాటిపోతుంది అని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ పరంజా మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగడం మొదలుపెట్టాను. రెండు పేజీల నిండా గడులే. పుట్టిన ఊరు, మతం, పెళ్ళయిందా, భార్య పేరు, పిల్లలెందరు, అన్నదమ్ములెక్కడ, ఇదివరకు జైలుకు వెళ్ళాడా. అతను చెమటలు కక్కాడు. భార్య పేరు చెప్పడానికి ఒక నిమిషం సిగ్గుపడ్డాడు. ఒంటి మీద మచ్చలు అన్న గడి దగ్గర లుంగీ తొడ దాకా ఎత్తి పొడుగాటి గాటు చూపించాడు. పుంజుకు కట్టిన కత్తి గీసుకుందట. కత్తి గాయం అని కొడితే వీణ్ణి రౌడీ అనుకుంటారని, వ్యవసాయం పనిలో తగిలిన దెబ్బ అని కొట్టాను. అంతవరకు నా మనసు శుభ్రంగానే ఉంది, అది మీరు నమ్మాలి.

"ఏంటండీ ఇది మాస్టారూ, పిట్టని పట్టుకోడానికి ఈళ్ళకి నా పెళ్ళాం పేరెందుకండీ?" అన్నాడు.

"ఫారం నేను తయారు చెయ్యలే తమ్మీ. అడిగినకాడికి చెప్పు" అన్నాను.

తండ్రి పేరు అడిగితే పాస్‌పోర్టులో ఉన్న పేరే చెప్పాడు. తల్లి పేరు అడిగితే ఆగిపోయాడు. ఏ అమ్మండి అన్నాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు. అయిదో ఏట పిల్లల్లేని మేనమామకు దత్తత ఇచ్చారట. పాస్‌పోర్టులో తండ్రిగా ఉన్నది ఆ మేనమామ. పెంచిన అత్తను అమ్మ అనే పిలిచేవాడు. కన్నతల్లి పక్క వీధిలోనే ఉండేది, ఆమెను మాత్రం అత్త అని పిలవమన్నారట.

"మా నాన్న, అదేనండి, కన్నాయన పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళండి. కొరివి పెట్టనివ్వలేదు. దత్తు వెళ్ళిపోయేవు, ఇంటిపేరు మారింది, గోత్రం మారింది, దూరంగా నిలబడమన్నారు. మా పెదనాన్న కొడుకు పెట్టేడండి. బళ్ళో మావయ్య పేరే, శుభలేఖలో మావయ్య పేరే, పాస్‌పోర్టులో ఆయన పేరే. మా నాన్న పేరు పక్కన నా పేరు ఎక్కడా లేదు మాస్టారూ" అన్నాడు. ఆ కన్నతండ్రి పేరు కూడా చెప్పాడు, నేను అడక్కుండానే.

పాస్‌పోర్టులో ఏదుంటే అదే రాస్తం అన్నాను. రూలు అదే. అంతలో ముదీర్ లోపలికి వచ్చాడు. డేగ ఈకలు రాలుస్తోందట. అతని భుజం మీద చెయ్యి వేసి, పేరు పెట్టి పిలిచి, వచ్చి చూడమని బయటికి నడిపించుకుపోయాడు. గుమ్మం దగ్గర ఆగి, 'యా కాతిబ్, అయిందా లేదా?' అని నా మీద విసుక్కున్నాడు.

నేను మిషను ముందు కూర్చున్నాను. తండ్రి పేరు గడి ఇంకా ఖాళీగా ఉంది. పక్కన పాస్‌పోర్టు నకలు పిన్ను చేసి ఉంది, మేనమామ పేరు కళ్ళకు కనిపిస్తూనే ఉంది. నేను కన్నతండ్రి పేరు కొట్టాను. చేయి జారలేదు, పరధ్యానం కాదు. కాగితం పాస్‌పోర్టుతో కలవదు, వెనక్కి పంపుతారు, ఈలోగా సీజను దాటిపోతుంది, ముందు సీటు ఖాళీ అవుతుంది అనుకున్నాను. అంతకంటే పెద్దది జరగవచ్చని కూడా నాకు తెలుసు. ఏడాది ముందే మా మెస్సు వంటవాడొకడి కాగితాల్లో రెండు చోట్ల రెండు పేర్లు బయటపడితే దొంగ పాస్‌పోర్టన్నారు, ఖలాస్, వారంలోపు విమానం ఎక్కించారు. ఆ కాగితాలు టైపు చేసింది కూడా నేనే. తెలిసి, తెలియనట్టు కొట్టాను.

సాయంత్రం సంతకానికి వచ్చినప్పుడు చదివి చూసుకొమ్మన్నాను. ఇంగ్లీషు రాదని తెలిసే అన్నాను. మీరు రాశాక నేను చూసేదేముందండి అని, నాలుక కొంచెం బయట పెట్టి, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టుగా సంతకం చేశాడు.

కొన్ని వారాలకు అబుదాబి దఫ్తరు నుంచి కబురు వచ్చింది. దరఖాస్తుదారుడు, కంపెనీ ముదీర్ పాస్‌పోర్టుతో స్వయంగా రావాలని. కాగితాలు నా దగ్గర ఉంటాయి కాబట్టి ముదీర్ నన్ను కూడా జీపు ఎక్కమన్నాడు. తెల్లవారుతుండగా బయలుదేరాం. వాళ్ళిద్దరూ ముందు, ఫైలు పట్టుకుని నేను వెనక. దారి పొడుగునా ఇద్దరూ డేగ గురించే మాట్లాడుకున్నారు. చేసిన పనికి భయంగా ఉంది, అయినా వాళ్ళ నవ్వు వినిపించినప్పుడల్లా ఒళ్ళు మండుతూనే ఉంది. రెండూ ఒకేసారి ఉండవని ఎవరైనా అంటే నన్ను అడగండి.

దఫ్తరులో అధికారి పెద్దవయసు మనిషి. ఫారం పైకి ఎత్తి పట్టుకుని చదివాడు. వాళ్ళ పద్ధతిలో ముందు మనిషి పేరు, ఆ వెంటనే 'బిన్' అని, తండ్రి పేరు. బిన్ అంటే కొడుకు. గోదావరి పక్కన ఏ పల్లెలోనో ఎప్పుడో చనిపోయిన ఆ మనిషి పేరు, ఆ అరబ్బు నోట, ఒత్తులు తప్పినా గట్టిగా వినిపించింది. నా పక్కన కుర్చీ అంచు మీద ఒదిగి కూర్చున్నవాడు తటాలున లేచి నిలబడ్డాడు. బడిలో హాజరు పలికేటప్పుడు పిల్లలు నిలబడతారే, అలాగ.

అధికారి పాస్‌పోర్టు తెరిచి రెండో పేరు చదివాడు. ఇద్దరిలో నీ బాప్ ఎవరని ముదీర్ చేత హిందీలో అడిగించాడు.

"దోనో, సాబ్" అన్నాడు ఇతను, ఇద్దరూనని.

అధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అరబ్బీలో ముదీర్‌తో ఏదో అన్నాడు. పాస్‌పోర్టును ఇమిగ్రేషన్‌కు పంపాలంటున్నాడని నాకు అర్థమైంది, ఆ అరబ్బీ మాటలు నేను రోజూ ఆఫీసులో వినేవే. ముదీర్ మొహం ఎర్రబడింది. అధికారి ఈసారి ఇది కొట్టిందెవరని అడిగాడు. లేచి నేనే అనాలి. నేను ఫైల్లో కాగితాలు సర్దుతూ కూర్చున్నాను.

"మై బోలా, సాబ్. ఉస్కా గల్తీ నహీ" అన్నాడు గోదావరి మనిషి. నేనే చెప్పి రాయించాను, అతని తప్పేమీ లేదని.

తర్వాత వచ్చీరాని హిందీలో దత్తత గురించి చెప్పాడు. ముదీర్ దాన్ని అరబ్బీ చేశాడు. అతని తెలుగును మంచి హిందీలో చెప్పడం నేను చాలా బాగా చేయగలిగిన పని, చేయలేదు. అధికారి అంతా విని, మా దగ్గర పెంచినవాడు పెంచినవాడే, కన్నవాడు కన్నవాడే, ఈ ఫారమే నిజం చెబుతోంది, పాస్‌పోర్టు కాదు అన్నాడట. నిజమైనంత మాత్రాన చీటీ రాదు. నిజమైనందువల్లనే పాస్‌పోర్టు చిక్కులో పడింది. ముదీర్ లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. ఈ మనిషికి నాది పూచీ అని చాలాసేపు బతిమాలాడు. ఆయన ఎవరినైనా బతిమాలడం నేను అదే మొదలు చూడటం. కాఫీ వచ్చింది, మళ్ళీ వచ్చింది. చివరికి పాస్‌పోర్టు తిరిగి ఇచ్చారు. ఫారం మీద తిరస్కరించినట్టు ఎర్ర ముద్ర కొట్టి, అది కూడా మా మీదికి తోశారు. ఇక ముందు ఈ మనిషి పేరుతో వేటకు దరఖాస్తు పెట్టవద్దన్నారు.

తిరుగు ప్రయాణంలో ముదీర్ ముందు సీటు తలుపు తెరవలేదు. అతనే అర్థం చేసుకుని వెనక నా పక్కన కూర్చున్నాడు. మీ దగ్గర దాచడమెందుకు, ఆ క్షణం నాకు కొంచెం సంతోషమే కలిగింది. ఊరు దాటాక అతను నా వైపు జరిగి, ముదీర్‌కు వినపడకుండా అడిగాడు.

"మాస్టారూ, ఆ కాగితం మీకు అక్కర్లేకపోతే నాకిస్తారా?"

ఫైల్లోంచి తీసి ఇచ్చాను. గడి ఎక్కడో చూపించమన్నాడు. వేలు పెట్టి చూపించాను. ఆ అక్షరాల మీద తనూ వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"నేనేదో నోరు జారి చెప్పుకున్నానండి. మీరు మనసులో పెట్టుకుని రాసేరు. ఆ పెద్దాయన చదువుతుంటే నా ఒళ్ళు జలదరించిందండి. వేట పోతే పోయిందిలెండి."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్కడ చూడటానికి ఇసుక తప్ప ఏమీ లేదు, రువైస్ వచ్చేదాకా దాన్నే చూశాను.

మీరు అడుగుతారు కాబట్టి ముందు సీటు ఏమైందో చెబుతాను. రెండు వారాలకు, డేగను మోసే మనిషి వేరే దొరక్క ముదీర్, సరే నీ ఫారం నువ్వే నింపుకో అన్నాడు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. నాకు వీసా కొట్టినప్పుడే అక్కడివాళ్ళు మొదటిది నా పేరు, రెండోది మా నాయన పేరు అనుకున్నారు, ఫారం కూడా దాన్నిబట్టే పోయింది. అలా నాకు నేనే తండ్రినై, నాకు నేనే కొడుకునై, ముద్రలన్నీ పడి చీటీ వచ్చింది. మా నాయన పేరు అందులో ఎక్కడా లేదు. కాగితాలన్నీ ఒకే తప్పు చెబుతున్నాయి కాబట్టి ఎవరూ పిలిచి అడగలేదు. నేనూ వెళ్ళి దిద్దించుకోలేదు, సీటు దొరికింది చాలుననుకున్నాను.

మొదటి శుక్రవారమే ఇసుక దిబ్బల కుదుపుకు రెండుసార్లు వాంతి చేసుకున్నాను. డేగను చేతి తొడుగు మీద పెడితే, అది రెక్క విదిల్చిందని భయపడి తాడు వదిలేశాను. దాన్ని దించడానికి నలుగురికి సాయంత్రమైంది. ఆ తర్వాత ముదీర్ నన్ను వేటకు పిలవలేదు. క్యాంపులో మాత్రం పరంజా మనిషి చేత డేగ కాలు చూపిస్తూనే ఉండేవాడు. దానికి చీటీ అక్కర్లేదు కదా. నా టేబులు పక్కనే ఇద్దరూ గొంతుక్కూర్చుని డేగ గోళ్ళు చూస్తుంటే నాకు మళ్ళీ మొదటిలాగే మండేది.

రెండేళ్ళకు అతని కాంట్రాక్టు ముగిసింది. వెళ్ళే రోజు మధ్యాహ్నం బస్సు దగ్గర నా కోసం నిలబడ్డాడు. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి చూపించాడు. అందులో ఆ ఫారం, ఎర్ర ముద్రతో సహా, మడత నలగకుండా ఉంది. ఇంటికి వెళ్ళాక ఫ్రేము కట్టిస్తానన్నాడు. ఎంత తెలివితక్కువవాడో, వద్దన్న కాగితానికి ఎవరైనా ఫ్రేము కట్టిస్తారా అనుకున్నాను. వెంటనే, నాకెన్నడూ ఏ కాగితం చూసీ అంత సంతోషం కలగలేదని గుర్తొచ్చింది. దానికీ కుళ్ళుకున్నాను.

"మీ నాన్నగారి పేరేంటండి మాస్టారూ?" అన్నాడు.

ఎందుకని అడిగాను. రోజూ దణ్ణం పెట్టుకునేటప్పుడు వాళ్ళ నాన్న పేరుతోపాటు నా పేరు కూడా అనుకుంటున్నాడట, మా నాన్నగారిది కూడా కలుపుకుంటానన్నాడు. ఇలాంటి కొడుకును కన్నందుకు అన్నాడు.

చెప్పాను. రెండుసార్లు నోట్లో అనుకుని, తప్పు లేకుండా పలికి చూపించి, బస్సెక్కాడు. ఆ గడిలో ఆ పేరు నేను ఎందుకు కొట్టానో చెప్పే వీలు మళ్ళీ రాలేదని చాలాకాలం అనుకుంటూ వచ్చాను. బస్సు కదలడానికి ఇంకా పావుగంట ఉండింది, నేను అక్కడే నిలబడి ఉన్నాను.